చేతి టీకా

రత్నం కుడి అరచేతికి మూడు రోజుల దాకా నీళ్ళు తగలకూడదు. సబ్బు తగలకూడదు, పసుపు తగలకూడదు. ఆషాఢమాసం కాబట్టి గోరింటాకు అసలే తగలకూడదని డాక్టరు గారు ఎర్ర సిరాతో ప్రత్యేకంగా రాయించారు. ఆ కాగితం రత్నం ఇంట్లో తలుపు వెనక అతికించి ఉంది. అలాంటి కాగితాల్ని నలభై రెండు ఇళ్ళకి వెళ్ళి నలభై రెండు తలుపుల వెనక అతికించి వచ్చింది కూడా రత్నమే. నలభై మూడోది తన గుమ్మానికి వచ్చింది.

సోమవారం పొద్దున పరిశోధనాలయంలో డాక్టర్ విశాలాక్షి తపాలా బిళ్ళంత పొరని పట్టకారుతో తీసి ఆమె అరచేతి మధ్యలో పెట్టింది. చల్లగా తగిలి, నిమిషంలో కరిగిపోయింది. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే ఒక సాధు సూక్ష్మజీవికి నాలుగేళ్ళు కష్టపడి కొత్త విద్య నేర్పింది డాక్టరు. ఆ జీవి ఇప్పుడు రత్నం చేతిలో కాపురం పెట్టింది. మూడు రోజులు పెరిగి, గురువారం తెల్లారేసరికి అరచెయ్యి నూనె రాసినట్టు మెరుస్తుంది. అప్పుడా చేతిని మంచం దిగలేని మనిషి రొమ్ము మీద పావుగంట ఆనిస్తే చాలు, టీకా అందినట్టే. సూది లేదు, కుర్చీ లేదు, కేంద్రం దాకా మోసుకెళ్ళే తిప్పలు లేవు.

పై అధికారులకి ఈ చేతి టీకా తెగ నచ్చేసింది. ఎందుకు నచ్చదు? మెట్ల పక్కన వాలుదారి కట్టక్కర్లేదు, ఇంటింటికీ మనిషిని పంపక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక అమ్మో అక్కో ఉండనే ఉంది. ఇంతవరకూ చెయ్యి చాపిన నలభై రెండు మందిలో ముప్ఫై తొమ్మిది మంది ఆడవాళ్ళు. మిగిలిన ముగ్గురు మగవాళ్ళ ఫొటోలు మాత్రం పటం కట్టి పరిశోధనాలయం గోడకి తగిలించారు.

రత్నం ఆ పరిశోధనాలయంలో రక్తపరీక్షలు చేసే మనిషి. ఉండేది విశాఖలో, రేవు వెనక బంగారమ్మ మెట్ట మీద ఒక్క గది ఇంట్లో. తమ్ముడు సింహాద్రి ఆమెతో ఉంటాడు. ఇరవై ఏడేళ్ళవాడు. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ మాట వినవు, నోట మాట రాదు, తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. గోడకి అక్షరాల పటం ఉంది. రత్నం వేలు పెట్టి చూపిస్తూ పోతుంటే, కావలసిన అక్షరం దగ్గర కళ్ళు పైకెత్తుతాడు. కాదంటే గట్టిగా మూసుకుంటాడు. అలా క్రికెట్ గురించి గంటలు గంటలు వాదిస్తాడు.

రోడ్డు నుంచి వాళ్ళ ఇంటికి నూట పదహారు మెట్లు. నూట పదహార్లు శుభమంటారు గానీ, చక్రాల కుర్చీకి మాత్రం కాదు.

వానలతో పాటు ఎగశ్వాస జ్వరం రావడం మొదలై ఇది మూడో ఏడు. వచ్చినవాళ్ళకి రెండో రోజుకే ఊపిరి ఎగదన్నుకొస్తుంది. గట్టివాళ్ళు కొందరు తట్టుకుంటారు. సింహాద్రి ఊపిరితిత్తులు మామూలు జలుబుకే పదిహేను రోజులు మంచాన పడేస్తాయి. ఈసారి కొండ కిందే, చేపల మార్కెట్ పక్క వీధిలో, మొన్న శుక్రవారం ఒకాయన పోయాడు. ఆ కబురు విన్నప్పటి నుంచీ రత్నానికి అన్నం సయించడం లేదు.

మామూలు టీకా లేకపోలేదు. మంచుపెట్టెలోంచి తీశాక నలభై నిమిషాల్లో పాడైపోయే మందు. అందుకని కేంద్రాల్లో కుర్చీలు బిగించారు. కుర్చీలో కూర్చుంటే, జబ్బకి పట్టీ చుట్టి యంత్రం ఒక్క కూత పెట్టి, నిమిషమున్నర సేపు నెమ్మదిగా మందు ఎక్కిస్తుంది. ఆ లోపల చెయ్యి కదిలిందా, ఎర్రదీపం వెలిగి ఆగిపోతుంది. రెండేళ్ళ కిందట నలుగురు మనుషులు సింహాద్రిని మెట్లు దింపి తీసుకెళ్ళారు. మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ కూత వినపడగానే అతని ఒళ్ళంతా విల్లులా బిగిసి చెయ్యి ఎగిరింది, మూడుసార్లూ ఎర్రదీపమే. వెనక వరసలో జనం గొణుక్కున్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి "లబ్ధిదారుడు సహకరించలేదు" అని నమోదు చేసి చేతులు దులుపుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా సింహాద్రి ఏదో చెప్పాలని అప్పవైపు కళ్ళు తిప్పుతూనే ఉన్నాడు. పటం ఇంట్లో ఉండిపోయింది. "ఇంటికెళ్ళాక చెబుదువు గానిలే" అంది రత్నం. ఇంటికొచ్చాక అతనికి మామూలు జలుబు జ్వరం తగిలింది. తేరుకున్నాక ఎప్పుడు మొదలుపెట్టబోయినా, ఆ కేంద్రం ఊసు వద్దని రత్నం దాటేసేది. ఆ మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

*

మంగళవారం రత్నం ఎడంచేత్తోనే పని చేసింది. చేతులిచ్చిన నలభై రెండు మందీ టీకా దాటించి నెల నిండింది. వాళ్ళ రక్తం పరీక్షించి పెట్టమని చెప్పి డాక్టరు గారు అధికారుల సమావేశానికి వెళ్ళారు. పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. పలకలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కరి రక్తం చుక్క, పైన మందు. జ్వరాన్ని ఎదిరించే శక్తి ఉంటే గుంట నీలంగా మారుతుంది. నెల కిందట, చేతికి పొర పెట్టకముందు, ఈ నలభై రెండూ నీలంగానే ఉన్నాయి. అందరూ కుర్చీ టీకా వేయించుకున్నవాళ్ళే కదా.

పది నిమిషాలయ్యాక పలక చూసింది. ఒక్కటీ నీలంగా లేదు.

మందు పాతదేమో అనుకుంది. కొత్త సీసా విప్పింది. మళ్ళీ తెలుపే. తన రక్తం ఒక చుక్క వేసి చూసింది. అది మాత్రం చక్కగా నీలం తిరిగింది. రత్నం నలభై రెండు తెల్లగుంటల పక్కన తన ఒక్క నీలం గుంటని చూస్తూ కుర్చీలో కూలబడింది.

అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కాపలా కుక్కకి దొంగని రోజూ మన పక్కనే కూర్చోబెట్టి చూపిస్తే కొన్నాళ్ళకి మొరగడం మానేస్తుంది. పావుగంట తగిలినవాళ్ళ ఒంటికి అది దొంగే, ఎదిరిస్తుంది. మూడు రోజులు దాటి చేతిలో కాపురం చేయించుకున్నవాళ్ళ ఒంటికి మాత్రం ఇంటి మనిషైపోయింది. ఉన్న రక్షణ కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఇక వాళ్ళకి జ్వరం తగిలితే ఒళ్ళు చెయ్యెత్తదు.

ముందుగా రత్నానికి గంగామణి గుర్తొచ్చింది. కంచరపాలెంలో ఇస్త్రీ బండి నడిపే మనిషి, చూపూ వినికిడీ లేని పదిహేడేళ్ళ కూతురు వరాలుకి తల్లి. అపరిచితులు ముట్టుకుంటే వరాలు బెదిరిపోతుంది, అమ్మ చెయ్యి ఒక్కటే ఎరుగును. "నీ చేతిలోనే మందు ఉంటుందమ్మా" అని ఒప్పించింది రత్నమే. ఆవిడ మొన్న దారిలో కనిపించి రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తన కుడిచేతిని చూసుకుంది. ఇప్పటికి ఒక రోజే అయింది. గురువారం పొద్దు పొడవకముందు కడిగేసుకుంటే ఏమీ కాదు. కానీ కడిగేసుకుంటే సింహాద్రి ఏమవుతాడు?

సాయంత్రం ఇంట్లో డాక్టరుకి ఫోను చేసింది. కుడిచెయ్యి పనికిరాదు, ఎడంచేత్తో పొయ్యి మీద కూర కలుపుతోంది, అందుకని ఫోను చాప మీద పెట్టి స్పీకరు నొక్కింది. సింహాద్రి మంచం మీద ఒత్తిగిలి టీవీలో ఆట చూస్తున్నాడు. తమ్ముడి ఎదుట ఇంటి సంగతులన్నీ మాట్లాడుకోవడం రత్నానికి అలవాటే. అతనికి వినపడుతుందని తెలియక కాదు. తిరిగి మాట రాని మనిషి ఎదుట నోరు అదుపు తప్పుతుంది, ఎంత ప్రేమ ఉన్నవాళ్ళకైనా.

పలకలో చూసినదంతా చెప్పింది.

"నాకు పోయిన వారమే అనుమానం వచ్చింది రత్నం," అంది డాక్టరు. "జంతువుల్లో ఇలా కాలేదు. నిన్న నీకు పొర పెట్టేటప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

"ఆ నలభై రెండు మందికీ ఎప్పుడు చెబుతాం మేడమ్?"

"నివేదిక పూర్తవనీ. ఇప్పుడు బయటపడితే రేపట్నుంచి ఒక్కరూ చెయ్యి చాపరు. పోయినేడు పోయినవాళ్ళలో మంచం దిగలేనివాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. నీ రక్తపరీక్షల్లోంచే కదా లెక్క తీశాం. నీ సంగతి వేరు, నీకు ఇంకా టైముంది. కడిగేసుకుంటే నేనేమీ అనుకోను."

రత్నం గరిటె పక్కన పెట్టింది. "నేను కడగను మేడమ్. నాకు కాళ్ళున్నాయి, ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరుగుతాను. వాడికి ఇంకో దారి లేదు."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే సింహాద్రి టీవీ చూడడం లేదు. ఆమె కుడిచేతినీ, తలుపు వెనక కాగితాన్నీ చూస్తున్నాడు.

"ఏంట్రా? ఎవరు కొట్టారు సెంచరీ?" అంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

*

బుధవారం రత్నం సెలవు పెట్టింది. పొర పెట్టిన మూడో రోజు ఒళ్ళు కాస్త వెచ్చబడి మగత కమ్ముతుందని కాగితంలోనే ఉంది. పొద్దున్నుంచీ మూడుసార్లు నీళ్ళ బిందె దాకా వెళ్ళింది. మూడుసార్లూ చెయ్యి ముంచకుండా వెనక్కి వచ్చింది. తను పోతే వీణ్ణి ఎవరు చూస్తారు? వీడే పోతే తను ఎందుకు? ఈ రెండు ప్రశ్నల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, మధ్యాహ్నం అన్నాలయ్యాక తమ్ముడి మంచం పక్కనే చాప వేసుకుంది. కుడి అరచెయ్యి వెల్లకిలా మంచం అంచు మీద పెట్టి, నిద్రపోకూడదు అనుకుంటూనే నిద్రపోయింది.

పక్కింటి నర్సమ్మ గిన్నెతో వచ్చింది. పెరట్లోని గోరింటాకు రోట్లో రుబ్బి, ప్రతి ఆషాఢంలోనూ వీధి వీధంతా పెట్టడం ఆవిడకి సరదా. సింహాద్రికి కూడా ఎడమ అరచేతిలో ఇంత ముద్ద పెడుతుంది. మగపిల్లాడికేమిటని ఎవరైనా నవ్వితే ఆవిడ నోటికి దొరికిపోతారు. ఎర్రగా పండిన చేతిని చూసుకుని వారం రోజులు మురిసిపోతాడు వాడు.

"మీ అప్ప ఈయేడు నాకొద్దని సెప్పీసింది. నువ్వు పెట్టించుకుంటావేటి బాబూ?" అంది గుసగుసగా.

సింహాద్రి కళ్ళు పైకెత్తాడు. ఆవిడ ముద్ద పెట్టి వేళ్ళు మడిచింది. ఇంతలో వాన చినుకులు పడ్డాయి, బయట ఆరేసిన బట్టల కోసం పరిగెత్తింది.

ఆ చేతికీ రత్నం చేతికీ మధ్య రెండు జానల దూరం. మామూలు మనిషికి అది రెప్పపాటు పని. సింహాద్రి చెయ్యి ఒకవైపు వెళ్ళమంటే ఇంకోవైపు వెళుతుంది. ఎత్తబోతే భుజం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే మళ్ళీ సడలేదాకా ఆగాలి. ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. వాన మొదలై, పెద్దదై, వెలిసింది.

రత్నానికి మెలకువ వచ్చేసరికి అరచెయ్యి చల్లగా ఉంది. తమ్ముడి చెయ్యి తన చేతిలో ఉంది. రెండు అరచేతుల మధ్యా పచ్చటి ముద్ద. అతని జుట్టు చెమటకి తడిసి నుదుటికి అతుక్కుని ఉంది.

ఒక్క కేకతో లేచి బిందె దగ్గరికి పరిగెత్తింది. కడిగింది. అప్పటికే అరచెయ్యి నారింజరంగు తిరిగింది. పరీక్షించక్కర్లేదు, ఆ ఎర్ర సిరా వాక్యం రాసింది తనే. కాపురం చేస్తున్నది కాస్తా చచ్చిపోయింది. ఇంకో పొర తయారు కావడానికి నెల పడుతుంది. జ్వరం నెల ఆగుతుందా?

"నర్సమ్మత్తా! వీడి చేతికి గోరింటాకు ఎవరు పెట్టమన్నారు నిన్ను? జారి నా చేతిలో పడింది. అంతా పాడైపోయింది!"

నర్సమ్మ గుమ్మంలో బిక్కచచ్చిపోయి నిలబడింది. "నాకేటి తెలుసమ్మీ? ఏటేటా ఎట్టినట్టే ఎట్టేను. ఆడు ఎట్టమన్నాడు."

రత్నం మంచం మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే తమ్ముణ్ణి తిట్టింది, వానని తిట్టింది, తన పాడు నిద్రని తిట్టింది. కాసేపటికి తలెత్తితే సింహాద్రి పటం వైపు చూస్తున్నాడు. ఆమెని చూసి, మళ్ళీ పటం వైపు.

లేచి పటం ముందు నిలబడింది. వేలు అక్షరాల మీద నడిచింది. అతని కళ్ళు లేచాయి, దిగాయి, లేచాయి.

"కావాలనే."

రత్నం వేలు ఆగిపోయింది. "కావాలనే పెట్టావా? ఫోనులో మాటలు విన్నావా?"

కళ్ళు పైకెత్తాడు. మళ్ళీ పటం. ఈసారి చాలాసేపు పట్టింది.

"నన్నడిగావా."

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. అది కోపం కాదని కూడా ఆమెకి తెలుసు. "అడిగితే ఒప్పుకునేవాడివా?"

అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అందుకే అడగలేదు," అంది రత్నం. చెప్పిన తరువాత ఆ మాట తన చెవికే సిగ్గుగా వినపడింది. సింహాద్రి మళ్ళీ పటం వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని వేలు పెట్టింది.

"కుర్చీ. కూత. తీసెయ్."

ఒక క్షణం ఏమీ తోచలేదు. ఆ తరువాత పొయ్యి పక్కనున్న కుక్కర్ మీదికి చూపు పోయింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి పద్నాలుగేళ్ళుగా రత్నం ఆ ఇంట్లో కుక్కర్ కూయనివ్వలేదు. ఆవిరి బుసకొట్టగానే గరిటెతో బరువు ఎత్తేస్తుంది. హఠాత్తుగా మోత వస్తే తమ్ముడి ఒళ్ళు బిగిసి చేతులు ఎగురుతాయని ఆమెకి తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. పక్కింట్లో గిన్నె పడినా ముందు వాడి భుజం పట్టుకుంటుంది. అలాంటి మనిషి ఆ కేంద్రంలో, మూడు కూతలకి మూడుసార్లు చెయ్యి ఎగరడం కళ్ళారా చూసి కూడా, వాడి ఒంటినే తప్పు పట్టింది. యంత్రానికి తిరుగులేదనుకుంది, అందరిలాగే.

రెండేళ్ళుగా అతని కళ్ళల్లో ఉన్న మాట ఇదే. ఇంటికొచ్చాక చెబుదువు గానిలే అని ఆమె దాటేసిన మాట.

*

పరిశోధనాలయంలో ఒక కుర్చీ నమూనాగా పెట్టి ఉంది. ఆ సాయంత్రం డాక్టర్ విశాలాక్షి వచ్చేసరికి రత్నం దాని వెనక పలక ఊడదీసి కూర్చుంది. నాలుగు మరలు తీస్తే రూపాయి బిళ్ళంత కూతబిళ్ళ ఊడి వచ్చింది.

డాక్టరు ముందు ఆమె చేతిని చూసింది. "కడిగేసుకున్నావన్నమాట. మంచి పని చేశావు."

"నేను కాదు మేడమ్. మా తమ్ముడు." రత్నం బిళ్ళని బల్ల మీద పెట్టింది. "దీనికి బెదిరే వాడి చెయ్యి కదిలింది. వాడిలాంటివాళ్ళకి చాలామందికి ఇంతే అయ్యుంటుంది."

"ఆ కూత భద్రత కోసం పెట్టింది రత్నం. మందు మొదలవుతోందని మనిషికి తెలియాలి కదా?"

"నోటితో చెబితే తెలియదా?"

డాక్టరు బిళ్ళని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నాలుగేళ్ళు తను ఎంత పెద్ద విద్య నేర్పిందో, ఎంత చిన్న ప్రశ్న అడగలేదో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది.

"ఈ యంత్రం కుర్చీకి బిగించి ఉండాలన్నది కూడా నియమమే," అంది రత్నం. "ఎనిమిది కిలోలు. విప్పితే ఇద్దరం మోసుకెళ్ళొచ్చు. మంచుపెట్టె పక్కన పెట్టుకుంటే మందు గుమ్మం దాకా చల్లగా ఉంటుంది. ఇంకో మాట. ఆ నలభై రెండు మందికీ నేను చెప్పేస్తాను. ఉద్యోగం తీసేసినా సరే. మీరు వస్తారా, నన్నొక్కదాన్నే వెళ్ళమంటారా?"

డాక్టరు చీర కొంగు నడుముకి దోపుకుంది. "ముందు ఆ మరలు విప్పు," అంది.

*

గురువారం పొద్దున ముసురు పట్టింది. యంత్రం చెరోవైపు పట్టుకుని ఇద్దరూ ఎక్కుతుంటే డెబ్భయ్యో మెట్టు దగ్గర డాక్టరు ఆగిపోయి మోకాళ్ళు పట్టుకుంది. "ఇన్ని మెట్లా?" అంది.

"కాగితంలో రాశాను మేడమ్, చిరునామా కింద," అంది రత్నం.

పైన నర్సమ్మ చేతులు తిప్పుకుంటూ వీధంతా తిరుగుతోంది. నిన్నటి తన తప్పు తీర్చుకోవాలన్న తొందర ఆవిడది. "కుక్కర్లు దించండే! టీవీలు కట్టీయండి! పిల్ల గుంటల్ని కిక్కురుమనకుండా సూడండి!" అని అందరికన్నా గట్టిగా తనే అరుస్తోంది. లోపలికి వచ్చి గుమ్మంలో స్టీలు గ్లాసు ఉంటే దాన్ని కూడా తీసి చీరలో చుట్టేసింది.

మంచం మీద సింహాద్రి మోకాళ్ళు మడిచి, వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది రత్నం. అలా ఉంటే అతని ఒళ్ళు వదులుగా ఉంటుంది. ఈసారి కూడా ఎర్రదీపం వెలిగితే ఇంకేం మిగలదని ఇద్దరికీ తెలుసు.

డాక్టరు సమ్మతి పత్రం తీసి కలం రత్నానికి ఇవ్వబోయింది.

"వాణ్ణి అడగండి," అంది రత్నం.

డాక్టరు తడబడింది. నాలుగేళ్ళ ప్రయోగంలో టీకా అందుకునే మనిషిని ఆవిడ నేరుగా ఒక్క మాటా అడిగి ఎరగదు. మంచం ముందు వంగింది. "సింహాద్రి గారూ, మందు ఇప్పుడు మొదలుపెడతాను. నిమిషమున్నర పడుతుంది. వేయమంటారా?"

అతను కళ్ళు పైకెత్తాడు. పైకెత్తి, కాసేపు అలాగే ఉంచాడు.

యంత్రం పట్టీ జబ్బకి చుట్టుకుంది. కూత లేదు. పసుపుదీపం వెలిగింది. రత్నం మనసులో లెక్కపెడుతోంది. ఇరవై. ముప్ఫై. చూరు మీంచి నీటిచుక్కలు పడుతున్నాయి. యాభై దాటాక అతని బొటనవేలు సన్నగా వణికింది. వేలు సర్దుకుంది. అరవై. డెబ్భై.

రేవులో ఓడ కూసింది.

నర్సమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో కుక్కర్లన్నీ దింపించగలిగింది గానీ ఓడనెవరు దింపుతారు? ఆ కూత సన్నగా లేచి, మెల్లగా పెద్దదై, గదంతా నిండి, మెల్లగా తగ్గింది. సింహాద్రి చెయ్యి కదల్లేదు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ అతను వింటున్న మోత అది. వచ్చేముందు చెప్పి వచ్చే మోత.

ఎనభై. తొంభై. పచ్చదీపం వెలిగింది.

నర్సమ్మ బయటికి పరిగెత్తి "అయిపోనాది! కుక్కర్లు ఎట్టుకోండి!" అని కేక పెట్టింది. ఆ కేకకి సింహాద్రి ఒళ్ళు విల్లులా ఎగిరింది. ముగ్గురూ ఉలిక్కిపడి, ఆ తరువాత నవ్వారు. సింహాద్రి నవ్వు అన్నిటికన్నా పెద్దది.

రత్నం ప్రయోగం పుస్తకం తెరిచింది. చేతి టీకా పేజీలో నలభై మూడో వరసలో చెయ్యిచ్చినవాళ్ళ సంతకానికి గడి ఉంది, అందుకునేవాళ్ళకి గడే లేదు. స్కేలు పెట్టి కొత్త గడి గీసింది. అందులో ఇలా రాసింది: "సింహాద్రి. అడగలేదు. అయినా తనే వద్దన్నాడు." డాక్టరు చదివింది, కొట్టేయమనలేదు.

*

శనివారం రత్నం, డాక్టరు ఇద్దరూ మొదట గంగామణి ఇంటికి వెళ్ళారు. ఇస్త్రీ బండి మీద బొగ్గులు రాజుకుంటున్నాయి. అరుగు మీద వరాలు తల్లి కొంగు చివర పట్టుకుని కూర్చుని ఉంది.

"రండమ్మా రండి! గోరింటాకు బలే పండిందే. ఎవలెట్టేరు?" అంది గంగామణి రత్నం చెయ్యి చూసి.

"మా తమ్ముడు పెట్టాడు."

తరువాత చెప్పాల్సినది డాక్టరే చెప్పింది. దాచకుండా, మెత్తబరచకుండా చెప్పింది. మీ అమ్మాయికి ఇంక భయం లేదు, మీకున్న రక్షణ మా వల్ల పోయింది, తిరిగి తెచ్చే దారి ఇప్పటికి మాకు తెలియదు, వెతుకుతాం. వానలు పోయేదాకా గుంపుల్లోకి వెళ్ళకూడదు, బండి దగ్గర నిలబడకూడదు.

గంగామణి ఇస్త్రీపెట్టెని బండి మీద నిలబెట్టింది. కూతురి వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ అది గుమ్మం దాటలేదు. ఇంక నాను దాటకూడదు. అంతేనా?"

వరాలుకి ఏం వినపడుతుంది, ఏం కనపడుతుంది? కొంగు బిగుసుకున్నట్టు మాత్రం తెలిసింది కాబోలు, లేచి అమ్మ చెయ్యి వెతుక్కుంది.

"తిట్టండమ్మా," అంది రత్నం. "మిమ్మల్ని ఒప్పించింది నేనే."

"తిట్టి ఏటి సెయ్యను?" గంగామణి కూతురి వేళ్ళని తన అరచేతిలో పెట్టుకుంది. "తెలిస్తే మాత్రం మానేద్దునా? నా పిల్లకి పెట్టకుండా ఉంటానా? పెడుదును. గాని తెలిసి పెడుదును కదమ్మా."

ఆవిడ కూతుర్ని తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు వెనక రత్నం అతికించిన కాగితాన్ని చింపుతున్న చప్పుడు బయటికి వినపడింది.

డాక్టరు చేతిలో జాబితా ఉంది. రత్నం ఎర్రటి చేత్తో మొదటి పేరు పక్కన గీత పెట్టింది. ఇంకా నలభై ఒక్క ఇళ్ళు ఉన్నాయి.